బేతంచెర్లకు రైలు ముందా, బండల గనులు ముందా?

బండలోళ్ల మనవడు:

అందరికీ నమస్కారం. మాది నంద్యాల జిల్లా బేతంచెర్ల, ఉద్యోగం పుణెలో. మొన్న మా ఇంట్లో పెళ్లికి బంధువులంతా కలిసినప్పుడు, భోజనాలయ్యాక వరండాలో పెద్ద వాదన నడిచింది. మా పెదనాయన ఏమంటాడంటే, ఇంగ్లీషోళ్లు మన నాపరాయి మీద కన్నేసే ఇక్కడికి రైలు వేశారు, రాయి లేకపోతే ఈ గుట్టల్లోకి రైలుకు పనేముంది అని. మా మేనమామ రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు, ఆయనకు ఒళ్లు మండింది. రైలే లేకపోతే మీ బండల మొహం చూసేవాడెవడు, సంత తప్ప ఇంకేముండేది ఈ ఊళ్లో అని ఈయన. ఇద్దరూ ఆ రోజుకు మాట్లాడుకోలేదు, అది వేరే సంగతి.

నాకు తెలిసినంతలో ఊరు రెండిటికంటే పాతదే. కానీ ఇప్పుడు చూస్తున్న బేతంచెర్ల, అంటే స్టేషన్, రైల్వే క్వార్టర్లు, ఊరు దాటగానే గనులు, రోడ్డుకు రెండు పక్కలా పాలిష్ ఫ్యాక్టరీలు, బూడిద రంగు నీళ్లు పారే కాలవలు, ఇదంతా ఏ వరసలో వచ్చింది? అసలు రైలు ఎందుకేశారు? ఇంకోటి, ఇక్కడ పుణెలో పాత ఇళ్లలో ఎక్కడ చూసినా మన బండలాంటిదే పరిచి ఉంటుంది, అడిగితే "షాబాదీ" అంటారు. మద్రాసు వాళ్లనడిగితే "కడప బండ" అంటారు. మన ఊరి పేరు ఎవరి నోటా రాదు. ఎందుకు?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. పెదనాయనకు చదివి వినిపించాలి.


మీటర్‌గేజి:

రాయి కోసం రైలు వేశారన్న మాట నిలబడదు తమ్ముడూ. మీ లైను కరువు లైను.

1876–78 ధాత కరువు సంగతి మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. కర్నూలు, బళ్లారి జిల్లాలు దానికి ఎంతగా బలయ్యాయంటే 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. చచ్చినవాళ్లు చావగా మిగిలినవాళ్లు వలస పోయారు. అప్పుడు కృష్ణా డెల్టాలో ఆనకట్ట కింద వరి పండుతోంది, ఇక్కడ తిండి లేదు, మధ్యలో నల్లమల అడ్డం. ధాన్యం రావాలంటే ఎడ్లబండి మీదే రావాలి, దారిలో ఆ ఎడ్లకు గడ్డీ లేదు నీళ్లూ లేవు. బండి ఎక్కించిన గింజలు దారిలో ఎడ్లకూ బండివాడికే సరిపోతే ఊరికి చేరేదేముంటుంది?

ఆ తర్వాత 1880లో ఫ్యామిన్ కమిషన్ నివేదిక వచ్చింది, కరువు ప్రాంతాలకు రక్షణగా రైలు మార్గాలు వెయ్యాలని చెప్పింది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టింది, ఇలాంటి కరువు లైన్ల కోసమే. మీ ఊరి మీదుగా పోయే దాన్ని కాగితాల మీద బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే అనేవాళ్లు. పేరులోనే ఉంది కదా, ఎక్కడ తిండి లేదో అక్కణ్నుంచి ఎక్కడ తిండి ఉందో అక్కడికి. గుంతకల్లు, డోన్, బేతంచెర్ల, పాణ్యం, నంద్యాల, గిద్దలూరు, కంభం, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు, చివరికి కృష్ణ ఒడ్డున తాడేపల్లి. 1880ల్లో పని నడిచి 1890 దరిదాపుల్లో మొత్తం కలిసింది. అందులో కష్టమైన పని మీ దగ్గర జరగలేదు, నంద్యాల దాటాక నల్లమల్లో జరిగింది. గాజులపల్లె అవతల దొరబావి వంతెన, బొగద సొరంగం, అక్కడ చూడాలి ఆ ఇంజినీర్ల తెలివి. లోయ మీద ఇనప కాళ్లతో అంత ఎత్తున కట్టిన వంతెన, తర్వాత బ్రాడ్‌గేజి (వెడల్పు పట్టాల) లైను వేరే దారిన వేసినప్పుడు దాన్ని అలాగే వదిలేశారు.

డబ్బు తక్కువ కాబట్టి మీటర్ గేజి, అంటే పట్టాల మధ్య ఒక్క మీటరే ఎడం ఉండే లైను వేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, నీ రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తా. 1908లో మద్రాసు రైల్వేతో కలిసి ఎమ్మెస్సెమ్ (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) రైల్వే అయింది. 1951లో సదరన్ రైల్వే. గుంతకల్లు డివిజన్ 1977లో సౌత్ సెంట్రల్‌కి మారింది. 1990ల్లో గేజి మార్పిడి. ఈ మధ్య గుంటూరు–గుంతకల్లు, సుమారు 400 కిలోమీటర్ల డబ్లింగ్ (రెండో లైను పని). అంటే మేనమామది కూడా పూర్తిగా రైటు కాదు. రైలు వచ్చిన కొత్తలో మీ ఊరు ఇంజనుకు ఆగే చోటు, జనం ఎక్కి దిగే చోటు, అంతకు మించి పెద్దగా ఏం లేదు.


పాలిష్ ఫ్యాక్టరీ:

పైన అన్న రైలు కథ బాగా చెప్పాడు. రాయి కథ నేను చెప్తా, మాది మూడు తరాలుగా ఇదే పని, మా అబ్బ చేత్తో బండ లేపినవాడు.

ముందు ఒకటి. నాపరాయి వాడకం రైలు కంటే చాలా పాతది. బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, అటు తాడిపత్రి, యర్రగుంట్ల దాకా ఏ పాత మిద్దె ఎక్కి చూసినా దూలాల మీద, దంతెల మీద బండలు పరిచి పైన చవుడు మట్టి తోలి ఉంటుంది. దొడ్డికి దడి కట్టాలన్నా బండలే నిలువుగా పాతేవాళ్లు, గొడ్ల కొట్టంలో కింద బండలే, బట్టలుతికేది బండ మీదే, పొలం గట్టుకీ బండే. ఇక్కడ కట్టెకంటే రాయి చవక. ఎవరి చేలో దొరికింది వాళ్లు తవ్వుకునేవాళ్లు, లేదంటే వడ్డెరోళ్లకు చెప్తే తీసిచ్చేవాళ్లు. వ్యాపారం అనే మాట అప్పటికి లేదు.

ఇప్పుడు తియ్యడం ఎలాగో చెప్తా, తెలియనివాళ్లు చాలామంది డైనమైట్ పెట్టి పేలుస్తారనుకుంటారు. బండల గనిలో మందు పెట్టరు. పెడితే బండ లోపల నెర్రెబారుతుంది, ఇక అది దేనికీ పనికిరాదు. పైమట్టి తీస్తే కింద రాయి పొరలు పొరలుగా ఉంటుంది, ఒక పొర అంగుళం, ఇంకోటి రెండంగుళాలు, ఇంకోటి అడుగు. మా అబ్బ కాలంలో ఉలితో వరసగా గీత కొట్టుకుంటూ పోయేవాళ్లు, ఆ గీత వెంబడి సమ్మెటతో తగిలిస్తే తెగేది. తర్వాత పొర సందులో గడ్డపార దూర్చి ఇద్దరు ముగ్గురు ఒక్కసారే ఒత్తితే లేస్తుంది. లేచిన బండను సుత్తెతో తట్టి వింటారు. ఖంగుమంటే మంచిది, బొద్దుగా పలికితే లోపల నెర్రె ఉంది. నాకిప్పటికీ రాయి చూసి కాదు, విని తెలుస్తుంది. 

కరెంటొచ్చాక కటింగ్ మిషన్లు వచ్చాయి. గని నేల మీదే పట్టాలు పరుస్తారు, వాటి మీద గుండ్రటి బ్లేడు మిషన్ అటూ ఇటూ పోతూ గళ్లు గళ్లుగా కోస్తుంది. పట్టాలు జరుపుకుంటూ పోవడమే. (మా గనిలోనూ రైలుంది అని మా పిల్లలకు చెప్పేవాణ్ని.) ఆ మిషన్లు, పాలిష్ మిషన్లు, లారీలు, ఈ మూడూ వచ్చాకే ఊరు ఈ రూపానికి వచ్చింది. చదరం సరిగ్గా లేని, ఒక మూల మందం ఒక మూల పల్చన ఉన్న బండను దూరపు ఊరివాడు ఎందుకు కొంటాడు? కోసి, రుద్ది, నున్నగా చేసి, రెండడుగులకు రెండడుగులు అని లెక్కగా ఇస్తేనే కొంటాడు. కాబట్టి మీటర్ గేజి వల్లే పేరు రాలేదు అనే మాట అన్న రాయబోతున్నాడేమో, నేను ముందే ఒప్పుకోనని చెప్తున్నా.


మీటర్‌గేజి:

ముందే దొరికిపోయా 😄 అయినా చెప్తా.

గుంతకల్లులో ఏం జరిగేదో చూడండి. మద్రాసు నుంచి రాయచూరు మీదుగా బొంబాయి పోయే లైను బ్రాడ్‌గేజి, 1871లో రాయచూరు దగ్గర మద్రాసు రైల్వే, బొంబాయి వైపు నుంచి వచ్చిన జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే రెండూ కలిశాయి. మీ లైను మీటర్ గేజి. బేతంచెర్లలో వ్యాగన్‌లో ఎక్కించిన సరుకు మద్రాసుకో బొంబాయికో పోవాలంటే గుంతకల్లులో ఒక వ్యాగన్ నుంచి దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించాలి. ధాన్యం బస్తాకు ఏమీ కాదు, పత్తి బేలుకు ఏమీ కాదు. బండకు? ఎక్కించినప్పుడు నాలుగు, దించినప్పుడు నాలుగు, మళ్లీ ఎక్కించినప్పుడు నాలుగు పగిలితే కూలి ఖర్చు పోనీ, మిగిలేదేంటి?

అదే యర్రగుంట్ల, తాడిపత్రి వైపు చూడండి. అవి మద్రాసు బ్రాడ్‌గేజి మీదే ఉన్నాయి. అక్కడ ఎక్కించింది నేరుగా మద్రాసులో దిగుతుంది. అందుకే మద్రాసోళ్ల నోట్లో "కడప బండ" నిలిచింది. షాబాద్ కూడా అంతే, గుల్బర్గాకూ వాడి జంక్షన్‌కూ మధ్య జీఐపీ మెయిన్ లైను మీద ఉంది, బొంబాయికి నేరుగా బండి. రాయి ఒకే జాతి, పేరు మాత్రం రైలు దించిన చోట స్థిరపడింది. ఇది నా లెక్క.


కందిపప్పు తాండూరు:

మా ఊరి పేరు ఎత్తకుండానే సగం చర్చ అయిపోయింది, మంచిగనే ఉంది 😀

మాది తాండూరు, వికారాబాద్ జిల్లా. అన్న చెప్పిన గేజి లెక్కకు మా ఊరు సాక్ష్యం. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ లైను నిజాం సర్కారు డబ్బుతో, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు వేసింది, 1874లో మొదలైంది. మొదటి నుంచీ బ్రాడ్‌గేజే. నడిపింది మొదట్లో జీఐపీ వాళ్లే. అంటే తాండూరు బండకు ఒక పక్క హైదరాబాద్, ఇంకో పక్క వాడి మీదుగా షోలాపూర్, పుణె, బొంబాయి, రెండు దిక్కులా దింపుడు ఎక్కుడు లేకుండా దారి ఉంది. హైదరాబాద్ పాత ఇండ్లల్ల, సర్కారు ఆఫీసు వరండాలల్ల కింద చూడండి, మా బండ కనబడుతది. నీలం, కొంచెం పసుపు కలిసిన రంగు రెండూ దొరుకుతాయి మా దగ్గర.

అయితే పాలిష్ ఫ్యాక్టరీ అన్న మాటలో కూడా నిజం ఉంది. రైలు ఉన్నంత మాత్రాన మాకు అన్నీ రాలేదు. మా దగ్గర కూడా మిషన్లు, లారీలు వచ్చినంకనే గనులు వందల ఎకరాలకు పాకినయి. ఈ మధ్య లారీలే లారీలు, రైలు మీద బండ పోవుడు నేను చూడలేదు, మా నాయన చెప్తే విన్న. బండకు తోడు సిమెంట్ ఫ్యాక్టరీలు కూడా మాకు సున్నపురాయి వల్లనే వచ్చినయి.

బేతంచెర్ల మనవడికి ఒక మాట. పుణెలో నువ్వు నడుస్తున్న బండ మాది గానీ, షాబాద్‌ది గానీ అయి ఉంటది. ఏదైనా మన చుట్టాలదే.


రాళ్ల పంతులు:

జియాలజీ చెప్పేవాణ్ని కాబట్టి ఊరుకోలేకపోతున్నా.

"రాయి ఒకే జాతి" అన్నారు, సున్నపురాయి అన్నంతవరకు సరే, కానీ ఇల్లు వేరు. బేతంచెర్ల బండ నార్జి సున్నపురాయి, కడప జిల్లా నార్జి ఊరి పేరే దానికి పెట్టారు. కర్నూలు గ్రూపు అనే వరసలో అది ఒక మెట్టు. కింద బనగానపల్లె క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి (ఆ చుట్టుపక్కల పాత వజ్రాల గనులు చాలావరకు ఆ మెట్టులోవే), దాని మీద నార్జి, ఆపైన అవుకు షేలు, అంటే బురద గట్టిపడిన రాయి, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికంటే పైన నంద్యాల షేలు. ఊళ్ల పేర్లు చూడండి, ఒక బస్సు రూటులా ఉంది. తాండూరు, షాబాద్ రాళ్లది భీమా బేసిన్, అది వేరే సముద్రం అడుగు. రెండూ చేపలు పుట్టకముందు, చెట్లు పుట్టకముందు నిలకడ నీళ్లలో సన్నటి బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడినవే. లోపల తవ్విపోసే పురుగులూ నత్తలూ లేని కాలం కాబట్టి ఆ పొరలు చెదరలేదు. గడ్డపార దూర్చగానే బండ పలకలా లేవడానికి అదొక కారణం.

రైలుకు బ్యాలస్ట్ కోసం గనులు తవ్వారు అని కూడా కొందరంటారు, పెదనాయన రేపు ఆ వాదన ఎత్తుకుంటే ఇది చెప్పండి. పట్టాల కింద కంకరకు గ్రానైటు, క్వార్ట్‌జైటు లాంటి గట్టి రాయి కావాలి. పలకలుగా విడిపోయే రాయి బరువుకూ అదురుకూ నలిగి పొడవుతుంది, నీళ్లు దిగవు. మీ బండ ఇంటికి మంచిది, పట్టాల కిందికి కాదు.

ఇంకొక విషయం ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు. బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహలు ఉన్నాయి కదా. అవీ ఇదే సున్నపురాయిలో నీళ్లు తొలిచినవే, బెలుం గుహల్లాగే. 1844లో న్యూబోల్డ్ అనే ఆఫీసరు వాటిలో పాత జంతువుల ఎముకలున్నాయని రాశాడు. నలభై ఏళ్ల తర్వాత, 1884–85లో, రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు వచ్చి తవ్వారు. మన దేశంలో పాత రాతియుగపు పనిముట్టును 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో గుర్తించింది ఆ ఫుట్టే. తేదీలు చూసుకోండి. ఆయన గుహలో బురద జల్లెడ పట్టి ఎముకలేరుతున్న ఆ సంవత్సరాల్లోనే మీ రైలు మార్గం పనులు కూడా నడుస్తున్నాయి. ఒక పక్క కట్ట పోస్తున్న కూలీలు, ఇంకో పక్క గుహలో ఎముకల కోసం తవ్వే దొర. ఊరివాళ్లు ఎవర్ని పిచ్చోడనుకున్నారో మరి.


క్వార్టర్ల పిల్ల:

ఇందాకటి నుంచి చదువుతున్నా, అందరూ రాయి, పట్టా, గేజి అంటున్నారు, మనుషుల సంగతి ఎవరూ చెప్పట్లేదు.

మా నాన్న పాయింట్స్‌మన్, అంటే స్టేషన్లో పట్టాలు మార్చే మనిషి. నేను పెరిగింది ఇదే లైను మీద, బేతంచెర్లలో కూడా కొన్నాళ్లు ఉన్నాం. అప్పుడు మీటర్ గేజే. సింగిల్ లైను కాబట్టి ప్రతి స్టేషన్‌లో తర్వాతి స్టేషన్ దాకా పోవడానికి టోకెన్ తీసుకోకుండా డ్రైవర్ బండి ముందుకు పోనివ్వకూడదు. టోకెన్ అంటే ఇనప గుండు, దాని మీద స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి, తోలు సంచిలో వేసి పెద్ద బెత్తం రింగుకు తగిలిస్తారు. ఆగని బండి వచ్చినప్పుడు నాన్న ప్లాట్‌ఫాం చివర నిలబడి రింగు ఎత్తి పట్టుకుంటే ఇంజన్లోంచి చెయ్యి చాపి తీసుకుని, పాత రింగు కింద పడేసి పోయేవాళ్లు. అది పట్టాల పక్క కంకరలో దొర్లుకుంటూ పోతే ఏరుకురావడం మా పిల్లల పని. నాన్న చూస్తే తిట్టేవాడు.

రైల్వే క్వార్టర్లకూ గనుల దగ్గర గుడిసెలకూ మధ్య నడిచి పోయేంత దూరమే కానీ బతుకుల్లో చాలా తేడా. మాకు ఒకటో తారీఖు జీతం, పాసు, రైల్వే ఆసుపత్రి, బదిలీ. గనుల్లో చేసేవాళ్లలో వడ్డెర కుటుంబాలు ఎక్కువ, మిగతా కులాలవాళ్లూ ఉండేవాళ్లు. వాళ్లకు ముందు అడ్వాన్సు ఇస్తారు, అది తీరేదాకా ఇంకో గనికి పోవడానికి లేదు, తీరేలోపు పెళ్లో జబ్బో వచ్చి ఇంకో అడ్వాన్సు. నా క్లాసులో కూర్చునే అమ్మాయి అయిదో తరగతి మధ్యలో బడి మానేసి పాలిష్ ఫ్యాక్టరీలో చేరింది. నీళ్లు పడుతూ ఉంటుంది కాబట్టి పాలిష్ దగ్గర దుమ్ము తక్కువ, చేతులే పాడవుతాయి, సున్నపు నీళ్లకు వేళ్ల మధ్య తొక్క ఊడిపోయేది. పొడిగా కోసే చోట దుమ్ము. ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాళ్లు, సాయంత్రానికి కనురెప్పల మీద కూడా తెల్లగా ఉండేది.

వదిలేసిన గనుల్లో వానాకాలం నీళ్లు నిలబడతాయి. నీళ్లు చూడటానికి నీలంగా చల్లగా ఉంటాయి, ఒడ్డు మాత్రం కోసిన గోడ, మెట్టు ఉండదు, ఎక్కి రావడానికి పట్టు దొరకదు. మాకు ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో చెప్పే మొదటి మాట "గని వైపు పోవద్దు". ఎందుకో ప్రతి పిల్లకీ తెలుసు, ఏ ఇంట్లో ఎవరు పోయారో కూడా తెలుసు. దాని చుట్టూ కంచె వెయ్యడం లీజుదారు పనా, సర్కారు పనా అని పెద్దవాళ్లు మాట్లాడుకోవడమే విన్నా, కంచె మాత్రం చూడలేదు.

ఊరు రైలు వల్ల పుట్టిందా రాయి వల్ల పుట్టిందా అంటే, రైలు వాళ్లం మేం బదిలీ అయి వెళ్లిపోయాం, రాయి వాళ్లు అక్కడే ఉన్నారు.


పాలిష్ ఫ్యాక్టరీ:

అమ్మా, అడ్వాన్సు సంగతి కాదనను. మా దగ్గరా ఉంది. చిన్న గనివాళ్లం మేమూ అప్పుల మీదే నడుపుతాం, అది కూలివాడి కష్టానికి సాకు కాదనుకో.

కంచె సంగతి కూడా నిజమే. లీజు అయిపోయాక గుంత పూడ్చాలని కాగితం మీద ఉంటుంది. పూడ్చడానికి మట్టి ఎక్కడిది? తీసిన దాంట్లో పనికొచ్చే బండ ఒక వంతు, మిగతాదంతా ముక్కలూ పొడీ, అవి గుట్టలుగా రోడ్డు పక్కన పడి ఉన్నాయి, ఆ ముక్కలనే గుంతల్లోకి తిరిగి తోలితే రెండు బాధలూ తీరతాయి. లారీ బాడుగ ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర ఆగిపోతుంది మాట.

మనవడా, నువ్వడిగిన దాంట్లో ఒకటి మిగిలిపోయింది. మన పక్కనే బుగ్గానిపల్లె దగ్గర సిమెంట్ నగర్ ఉంది కదా, పాణ్యం సిమెంట్స్ 1950ల్లో పెట్టింది. అక్కడ రైల్వే స్టేషన్ పేరులోనే సిమెంట్ నగర్ ఉంది. రైలుకూ రాయికీ నిజంగా లంకె కుదిరింది అక్కడ. సిమెంటుకు బొగ్గు రావాలి, బస్తాలు బయటికి పోవాలి, రెండూ రైలు లేకుండా కావు. మాకు బండల వాళ్లకు మాత్రం రైలు ఎప్పుడూ మనుషుల బండే. గుంతకల్లు ప్యాసింజర్ ఎక్కి పోయి ఆర్డర్ మాట్లాడుకుని వచ్చేవాళ్లం, సరుకు లారీలో పోయేది. సర్కారు లెక్కలోనూ అంతే తేడా, అదే రాయి సిమెంటుకు పోతే పెద్ద ఖనిజం, బండగా కోస్తే చిన్న ఖనిజం, మాకు సీనరేజి (తీసిన రాయికి సర్కారుకు కట్టే రుసుము), పర్మిట్లు వేరే.

ఇప్పుడు దెబ్బ కొట్టింది రైలూ కాదు లారీ కాదు, టైల్స్. పదిహేనిరవై ఏళ్లుగా ఇల్లు కట్టేవాడు మొదట అడిగేది విట్రిఫైడ్ టైలే. బండ పరిస్తే పాత ఇల్లనుకుంటారట. మా ఫ్యాక్టరీలో ఇప్పుడు ఆర్డర్లు ఎక్కువగా వరండాలకు, వాకిళ్లకు, మెట్లకు, గోదాములకు. ఎండాకాలం మధ్యాహ్నం చెప్పుల్లేకుండా టైల్ మీద కాసేపు, బండ మీద కాసేపు నిలబడి చూస్తే చాలు, నేను వేరే చెప్పక్కర్లేదు.


బండలోళ్ల మనవడు:

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టించి చదివా. కరువు లైను అనగానే మేనమామ "చెప్పానా" అన్నాడు, ఏం చెప్పాడో ఆయనకే తెలియాలి. పెదనాయన ఒక్కటే పట్టుకున్నాడు: మిద్దెల మీద బండలు రైలు కంటే ముందే ఉన్నాయి కదా, అయితే రాయే ముందు! అంటే ఇద్దరూ గెలిచారట. మళ్లీ మాట్లాడుకుంటున్నారు.

మా అమ్మ మాత్రం క్వార్టర్ల అక్క రాసింది ఇంకోసారి చదవమంది. మా అమ్మమ్మ కూడా గనిలో బండలు మోసిందట, ఇన్నేళ్లలో నాకు చెప్పనేలేదు.

ఒక్క ప్రశ్న. రైలు మార్గానికి మా ఊరి భూములు తీసుకున్నప్పటి కాగితాలు ఎక్కడైనా చూడొచ్చా? మా పొలం మధ్యలోంచి కట్ట పోతుంది, అప్పట్లో ఎవరి పేరు మీద ఉందో తెలుసుకోవాలని ఉంది.


మీటర్‌గేజి:

రెండు చోట్ల వెతుకు. ఊరి స్థాయిలో అయితే తహసీల్దార్ ఆఫీసులో పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు, మన వైపు డైగ్లాట్ అంటారే అది, దాంతోపాటు మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు అడుగు. సర్వే నంబరు లేకుండా పోతే తిప్పుతారు, పాస్‌బుక్ పట్టుకుపో. ఎఫ్‌ఎంబీలో రైల్వే కట్ట ఎక్కడ మీ పొలాన్ని కోసిందో గీత కనిపిస్తుంది, ఆ ముక్కకు విడిగా సబ్‌డివిజన్ నంబరు ఉంటే డైగ్లాట్‌లో దాని ఎదురు ఏమి రాశారో చూడు.

పై స్థాయి కాగితాలకు మాత్రం చెన్నై పోవాలి. అప్పుడు కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది కాబట్టి ఆనాటి సర్కారు ఉత్తర్వులు ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. బేతంచెర్ల అని అడగొద్దు, బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే అని, 1880ల సంవత్సరాలు వేసి అడుగు. ఊరి పేరును అప్పట్లో ఇంగ్లీషులో రకరకాలుగా రాసేవాళ్లు, ఒక్క స్పెల్లింగుతో వెతికి లేదనుకోకు. గుర్తింపు కార్డు, ఎక్కడ పనిచేస్తున్నావో ఆ ఆఫీసు నుంచి ఒక లెటరు తీసుకుపో.


క్వార్టర్ల పిల్ల:

తమ్ముడూ, చెన్నై తర్వాత పోవచ్చు. ముందు మీ అమ్మమ్మ ఉంటే ఆమె దగ్గర కూర్చుని రికార్డు చెయ్యి. ఏ గని, ఎవరి మేస్త్రీ కింద, రోజుకు ఎంత ఇచ్చేవాళ్లు, బండ తలమీద పెట్టడానికి చుట్ట ఏ గుడ్డతో చుట్టేవాళ్లు, అన్నీ అడుగు. ఆ కాగితాలు ఏ ఆర్కైవ్స్‌లోనూ లేవు.


బండలోళ్ల మనవడు:

ఉంది అక్కా, కాస్త చెవులు వినపడవు అంతే. సంక్రాంతికి ఊరెళ్తున్నా. ప్రశ్నలు ఇంకా ఏమైనా అడగాల్సినవి ఉంటే ఇక్కడ రాసి పెట్టండి, అన్నీ కలిపి పట్టుకెళ్తా.